బద్దెపురుగు దారి

తిరువళ్ళూరు నుండి తిరుత్తణికి పోయే దారిలో పాండూరు ఉన్నది. ఈ ప్రాంతంలో అంగడిలోను, బస్సులోను తెలుగు, తమిళం రెండూ వినిపిస్తాయి. తిరుత్తణి ఒకప్పుడు చిత్తూరు జిల్లాలో భాగం. సరిహద్దుల మార్పు చట్టం అమలులోకి వచ్చిన 1960 ఏప్రిల్ 1న అది మదరాసు రాష్ట్రంలో చేరింది. తిరుత్తణి, పళ్ళిపట్టు వైపు కొండల అంచున వరి, చెరకు, వేరుశనగ పండించే రైతులు ఉన్నారు. పంట చేతికి వచ్చే రోజులలో వారికి రాత్రిళ్ళు నిద్ర ఉండదు. చీకటి పడగానే అడవిపందులు గుంపుగా దిగుతాయి. ముట్టెతో నేలను దున్నినట్టు పెళ్ళగించి కాయలు, దుంపలు, వేళ్ళు, వానపాములు, పురుగులు అన్నీ తింటాయి. తెల్లవారి చూస్తే మడి మడిగా ఉండదు.

పంది అనే మాట మన భాషలో చాలా చోట్లకు పాకింది. పందికొక్కు పంది కాదు, అది ఎలుక జాతిది. ముళ్ళపంది కూడా పంది కాదు, అదీ కొరికే జంతువుల కోవకు చెందినదే. ఇంగ్లీషువారు వాడే 'బాండికూట్' అనే మాట మన పందికొక్కు నుండి పుట్టినదే. చాళుక్యుల ముద్రమీద, విజయనగర రాజుల ముద్రమీద వరాహం ఉండేది. వరహా అనే నాణేనికి ఆ పేరు అందువల్లనే వచ్చింది. ఇంత గౌరవం పొందిన జంతువును ఊరిలో మాత్రం తిట్టుమాటగా వాడుతాము. ఈ పాఠం ఆ జంతువు కడుపులోను, కండలోను బ్రతికే కొన్ని పురుగులను గురించినది. ముఖ్యంగా వాటిలో ఒకటి మనిషి తలలోకి చేరే దారిని గురించినది.

ముందుగా ఒక ఇంటిని ఊహించుకొందాం. పాండూరు వంటి ఊరిలో ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి ఉన్నది. ఒకనాడు ఉదయం ప్రార్థన వేళ వరుసలో నిలబడి ఉండగా ఆమె కుడిచేయి దానంతట అది కొట్టుకోసాగింది. తరువాత నోరు ఒక పక్కకు లాగింది. ఆమె పడిపోయింది. పక్కనున్న వారిలో ఒకరు తాళంచెవుల గుత్తి తెచ్చి చేతిలో పెట్టారు. ఇంకొకరు పళ్ళ మధ్య చెంచా దూర్చబోయారు. రెండు మూడు నిమిషాలలో కొట్టుకోవడం ఆగింది. అమ్మాయి కళ్ళు తెరిచి ఏమి జరిగిందని అడిగింది.

ఇంటికి తీసుకువచ్చాక అవ్వ దిష్టి తీసింది. గాలి సోకిందని ఒకరు, పెళ్ళి కావలసిన పిల్ల కదా, ఎవరికీ చెప్పవద్దని ఒకరు అన్నారు. నాయన మాత్రం మరునాడు పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ తలకు స్కాను తీశారు. మెదడులో ఒక చోట శనగగింజంత చిన్న ఉంగరంలాంటి మచ్చ కనిపించింది.

"ఇది పందుల ద్వారా సాగే బద్దెపురుగు పిల్ల. దాని కోశం మెదడులో చేరింది" అన్నాడు డాక్టరు.

అవ్వకు కోపం వచ్చింది. "ఏం మాట నాయనా అది! మా ఇంట్లో కోడిగుడ్డు కూడా ముట్టము. పంది పురుగు మా పిల్ల తలలోకి ఎట్లా వస్తుంది?"

"పెద్దమ్మా, పంది మాంసం తిన్నవారికి ఈ జబ్బు ఇట్లా నేరుగా రాదు. తినని వారికే రావచ్చు. కూర్చోండి, చెబుతాను" అన్నాడు డాక్టరు.

డాక్టరు చెప్పిన మాట వినడానికి తలకిందులుగా ఉన్నది. కాని నిజం. అది అర్థం కావాలంటే ఈ పురుగు బ్రతుకు తెలియాలి.

బద్దెపురుగు అనే పేరు దాని రూపాన్ని బట్టి వచ్చింది. వెదురు బద్దలాగా, నాడాలాగా చదునుగా, పొడవుగా ఉంటుంది. తమిళంలో దీనిని నాడాపుళు అంటారు. పందుల ద్వారా వ్యాపించే రకానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు టీనియా సోలియం. పెరిగిన పురుగు మనిషి చిన్న ప్రేవులోనే ఉంటుంది. పంది ప్రేవులో ఉండదు. ఈ సంగతి చాలామందికి తెలియదు. దాని తల గుండుసూది తలంత. తలకు నాలుగు చూషకాలు, వాటిపైన కిరీటంలాగా రెండు వరుసల కొక్కేలు ఉంటాయి. వాటితో ప్రేవు గోడను పట్టుకొంటుంది. మెడ వెనుక నుండి ఖండితాలు ఒకదాని తరువాత ఒకటి పుట్టుతూ ఉంటాయి. పురుగు సాధారణంగా 2 నుండి 4 మీటర్ల పొడవు ఉంటుంది, అంతకు మించి కూడా పెరుగుతుంది. దానికి నోరు లేదు, కడుపు లేదు. మనం అరిగించుకొన్న ఆహారాన్ని ఒంటిచర్మంతోనే పీల్చుకొంటుంది. వండినదీ, నమిలినదీ, అరిగించినదీ మనం. తినేది అది. పరాన్నజీవి అనే మాటకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

చివరనున్న ముదిరిన ఖండితాలు తెగి మలంతో బయటికి వస్తాయి. ఒక్కొక్క ఖండితంలో సుమారు 50 వేల గుడ్లు ఉంటాయి. ఒక్క గుడ్డు మిల్లీమీటరులో సుమారు ముప్పయ్యో వంతు ఉంటుంది. కంటికి కనబడదు. మనిషి చేనిగట్టునో, చెరువుగట్టునో మలవిసర్జన చేస్తే ఆ గుడ్లు మట్టిలోను, గడ్డిమీద, నీటిలోను చేరుతాయి. ఊరపంది మలాన్ని తింటుంది. గుడ్డు పంది కడుపులో పగులుతుంది. అందులోని సూక్ష్మమైన పిండం ప్రేవును తొలిచి నెత్తురులోకి పోతుంది. నెత్తురు దానిని కండలోకి, నాలుకలోకి, గుండెలోకి, మెదడులోకి చేరుస్తుంది. రెండు మూడు నెలలలో అక్కడ బఠానీగింజంత నీటికోశం తయారవుతుంది. ఆ కోశం లోపల ముత్యంలాంటి తెల్లని చుక్క కనిపిస్తుంది. అదే రేపటి పురుగు తల. మాంసం కోసేవారు ఇటువంటి కండను చూడగానే గుర్తుపట్టగలరు.

ఆ మాంసాన్ని సరిగా ఉడకకుండా మనిషి తింటే కోశంలోని తల బయటికి వచ్చి ప్రేవును పట్టుకొంటుంది. రెండు నెలలకు పూర్తి పురుగు అవుతుంది. ఇక్కడితో చక్రం పూర్తి అయింది. మనిషి నుండి పందికి, పంది నుండి మనిషికి. ఇందులో పంది చేసిన నేరం ఏమీ లేదు. పందికి ఆ గుడ్లు పెట్టినవాడు మనిషి.

కడుపులో బద్దెపురుగు ఉన్న మనిషికి పెద్దగా బాధ తెలియదు. కొంచెం కడుపునొప్పి, కొంచెం అజీర్తి, అంతే. ఏళ్ళ తరబడి తెలియకుండానే ఉండవచ్చు. అసలు ప్రమాదం అతని చేతులలో ఉన్నది. అతడు చేతులు సరిగా కడగకుండా పప్పు వడ్డిస్తే, పచ్చడి కలిపితే, పిల్లకు ముద్ద పెడితే, ఆ గుడ్లు తిన్నవారి కడుపులోకి పోతాయి. మలం కలిసిన నీటితో తడిపిన కొత్తిమీర, క్యారెట్టు, ముల్లంగి పచ్చిగా తిన్నా అంతే. గుడ్డుకు తాను మనిషి కడుపులో పడిందో, పంది కడుపులో పడిందో తెలియదు. పందిలో చేసిన పనే ఇక్కడా చేస్తుంది. ప్రేవును తొలిచి, నెత్తురులో కలిసి, కండకో, కంటికో, మెదడుకో చేరి కోశం కట్టుకొంటుంది.

అంటే మాంసంలోని కోశాన్ని తిన్నవారికి కడుపులో పురుగు పెరుగుతుంది. గుడ్డును మింగినవారికి ఒంటిలో కోశం ఏర్పడుతుంది. ఈ రెండూ వేరు వేరు. రెండో దానికి మాంసంతో పనిలేదు. అవ్వకు డాక్టరు చెప్పబోయింది ఇదే.

న్యూయార్కు నగరంలో 1990, 1991 సంవత్సరాలలో అచ్చంగా ఇటువంటి సంగతే జరిగింది. మత నియమం ప్రకారం పంది మాంసం దగ్గరికి కూడా పోని యూదు కుటుంబాలలో నలుగురికి మూర్ఛలు వచ్చాయి. పరీక్షిస్తే మెదడులో ఈ కోశాలు. వైద్యాధికారులు ఆరా తీశారు. ఈ పురుగు ఉన్న దేశాల నుండి వచ్చి ఆ ఇళ్ళలో వంటపని చేసేవారిలో కొందరికి బద్దెపురుగు సోకి ఉన్నట్లు తేలింది. తమ కడుపులో పురుగు ఉన్నదని ఆ పనివారికి తెలియదు. మందు ఇస్తే పోయే జబ్బు అది. ఈ వివరాలు 1992లో వైద్య పత్రికలో వెలువడ్డాయి.

మాంసంలోని కోశానికీ, ప్రేవులోని పురుగుకూ సంబంధం ఉన్నదని మొదట ప్రయోగం చేసి చూపినవాడు జర్మనీ దేశపు వైద్యుడు క్యూకెన్‌మైస్టర్. 1855లో ఆయన మరణశిక్ష పడిన ఒక ఖైదీకి తెలియకుండా ఆహారంలో పందిమాంసపు కోశాలను కలిపి పెట్టించాడు. శిక్ష అమలయిన తరువాత శవాన్ని కోసి చూస్తే ప్రేవులో చిన్న బద్దెపురుగులు ఉన్నాయి. శాస్త్రానికి ఒక సత్యం దొరికింది. కాని చావబోయే మనిషి అయినా అతని అనుమతి లేకుండా ఇటువంటి పని చేయడం తప్పు అని ఆనాడే కొందరు అన్నారు. నేడు ఏ దేశంలోను దీనికి అనుమతి దొరకదు.

మన దేశంలో ఈ జబ్బును మొదట రాసిపెట్టినది మదరాసులోనే. 1888లో మూర్ఛలతో మరణించిన ఒక కూలీ శరీరంలో ఈ కోశాలను ఆర్మ్‌స్ట్రాంగ్ అనే వైద్యుడు గుర్తించాడు. ఆ కూలీ పేరు మాత్రం చరిత్రలో లేదు. తరువాత భారతదేశంలో కొలువు చేసి తిరిగి వెళ్ళిన బ్రిటిష్ సైనికులకు, తమ దేశం చేరిన కొన్నేళ్ళకు మూర్ఛలు రావడం వారి వైద్యులు గమనించారు. అటువంటి 450 మంది వివరాలను డిక్సన్, లిప్స్‌కోంబ్ అనేవారు 1961లో ప్రకటించారు. గుడ్డు లోపలికి పోయిన తరువాత మూర్ఛ కనిపించడానికి చాలా ఏళ్ళు పట్టవచ్చునని దానివల్ల తెలిసింది. కోశం బ్రతికి ఉన్నంతకాలం అది శరీరాన్ని మభ్యపెడుతుంది. అది చావడం మొదలు పెట్టినప్పుడే శరీరం దానిని శత్రువుగా గుర్తించి ఎదుర్కొంటుంది. ఆ పోరాటంలో మెదడు వాచి మూర్ఛ వస్తుంది.

ఇక మన ప్రాంతానికి బాగా దగ్గరగా జరిగిన కథ. తిరుత్తణి నుండి పడమరగా షోళింగర్, రాణిపేట దాటిపోతే వేలూరు వస్తుంది. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలను 1900లో చిన్న ఆసుపత్రిగా స్థాపించినవారు డాక్టర్ ఐడా స్కడర్. 1980ల నాటికి మన దేశపు పెద్ద ఆసుపత్రులలోకి సి.టి. స్కాను యంత్రాలు వచ్చాయి. అప్పటిదాకా మెదడు లోపల ఏమున్నదో బయటినుండి ఇంత స్పష్టంగా చూసే వీలు లేదు. మూర్ఛ వచ్చిన పిల్లలకు, యువకులకు స్కాను తీస్తే చాలామందిలో ఒకే ఒక్క చిన్న ఉంగరపు మచ్చ కనిపించసాగింది. మన దేశంలో క్షయ ఎక్కువ కనుక అది క్షయ గడ్డ అని వైద్యులు భావించారు. నెలల తరబడి క్షయ మందులు ఇచ్చారు. కొన్నాళ్ళకు మళ్ళీ స్కాను తీస్తే మచ్చ మాయమయ్యేది. మందు పనిచేసింది కదా అని అందరూ సంతోషించారు.

వేలూరు వైద్యులు డాక్టర్ మాథ్యూ చాండీ, డాక్టర్ వేదాంతం రాజశేఖర్, వారి సహచరులు ఇక్కడ ఒక సందేహం లేవదీశారు. క్షయ మందు ఇవ్వనివారిలో కూడా మచ్చ మాయమవుతున్నది. అటువంటప్పుడు మందు చేసిన పని ఏమిటి? వారు కొందరు రోగులలో ఆ మచ్చను శస్త్రచికిత్స చేసి తీసి, సూక్ష్మదర్శిని కింద పరీక్షించారు. కనిపించింది క్షయ కాదు, చచ్చిపోతున్న బద్దెపురుగు కోశం. ఈ సంగతి 1989లో 'లాన్సెట్' అనే ప్రసిద్ధ వైద్య పత్రికలో వెలువడింది. ఆ తరువాత ఎందరో పిల్లలకు అవసరం లేని క్షయ మందులు తప్పాయి. రోగం తగ్గింది కనుక మందు సరైనదే అనుకోవడం మనందరికీ ఉన్న అలవాటు. దానిని నమ్మకుండా నిలబడి పరీక్షించడానికి ధైర్యం కావాలి.

వేలూరువారు అక్కడితో ఆగలేదు. వేలూరు జిల్లాలో పల్లెలలోను, పట్టణంలోను కలిపి 50 వేలకు మించిన జనాభాను ఇంటింటా విచారించారు. ఆ ఫలితాలు 2006లో ప్రకటించారు. వెయ్యిమందిలో సుమారు నలుగురికి మూర్ఛరోగం ఉన్నది. వారిలో దాదాపు మూడో వంతు మందికి కారణం ఈ పురుగే. మూర్ఛరోగానికి కారణాలు అనేకం, కొన్నింటిని మనం ఆపలేము. ఈ మూడో వంతును మాత్రం పూర్తిగా ఆపవచ్చు. 2014లో ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థలు ఆహారం ద్వారా వచ్చే పరాన్నజీవులను వరుస పెట్టినప్పుడు మొదటి స్థానంలో టీనియా సోలియంను ఉంచాయి.

అడవిపందిని మొదట చెప్పి ఊరపందిలోకి వచ్చాము. ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఊరపంది ఊరి మురికిలో, మనుషుల మలం దొరికే చోట తిరుగుతుంది. అందువల్ల బద్దెపురుగు చక్రం ఎక్కువగా దానితోనే నడుస్తుంది. అడవిపంది మనుషులకు దూరంగా ఉండేది కనుక దానికి ఈ పురుగు సోకే అవకాశం తక్కువ. కాని అడవి అంచు పొలాలలో మనుషులు ఆరుబయట మలవిసర్జన చేసే చోట, రాత్రి అడవిపందులు మేసే చోట ఒకటే అయితే ఆ దూరం మిగలదు.

అడవిపందికి సొంతంగా ఉన్న పురుగులు వేరే ఉన్నాయి. వానపామును తింటే ఊపిరితిత్తుల పురుగు, పేడపురుగు పిల్లలను తింటే ముళ్ళతల పురుగు దానికి సోకుతాయి. ఈ ముళ్ళతల పురుగు ప్రేవుకు ముళ్ళతో అతుక్కొని ఉంటుంది. అది మనుషులకు సోకడం చాలా అరుదు. పంది ఏలికపాము సంగతి అలాగ కాదు. మనుషులలో ఉండే ఏలికపామును, పందులలో ఉండేదానిని పక్కపక్కన పెడితే పండితులకు కూడా తేడా తెలుసుకోవడం కష్టం. పందిలోనిది మనుషులకూ సోకగలదు. ఆడ ఏలికపాము రోజుకు సుమారు 2 లక్షల గుడ్లు పెడుతుంది. గట్టి పెంకు ఉన్న ఆ గుడ్లు మట్టిలో ఏళ్ళ తరబడి బ్రతుకుతాయి. మింగిన గుడ్డునుండి వచ్చిన పిల్ల ప్రేవును తొలిచి, కాలేయం మీదుగా ఊపిరితిత్తులకు పోయి, గొంతులోకి ఎగబాకి, మళ్ళీ మింగబడి ప్రేవుకు చేరుతుంది. బయలుదేరిన చోటికే రావడానికి ఇంత తిరుగుడు ఎందుకో ఆశ్చర్యంగా ఉంటుంది. పందులు పెళ్ళగించిన మడిలో ఒట్టికాళ్ళతో, ఒట్టిచేతులతో పనిచేసినవారు భోజనానికి కూర్చొనే ముందు గోళ్ళ సందులు కూడా సబ్బుతో కడుక్కోవాలనడానికి కారణం ఇదే.

మరొకటి ట్రైకినెల్లా. ఇది కండలో చుట్టచుట్టుకొని పడుకొనే సన్నని పురుగు. 1835లో లండనులో జేమ్స్ పేజెట్ అనే వైద్య విద్యార్థి శవపరీక్ష గదిలో కండలోని చిన్న చిన్న గట్టి చుక్కలను చూసి, అవేమిటని ఆరా తీసి దీనిని కనుగొన్నాడు. ఆ చుక్కలు గురువులకూ కనబడేవి. కత్తి మొద్దుబారుతున్నదని మాత్రమే వారు విసుగుకొనేవారట. ఈ పురుగు ఉన్న అడవిపంది మాంసాన్ని పచ్చిపచ్చిగా తింటే జ్వరం, కండల నొప్పులు, కళ్ళ చుట్టూ వాపు వస్తాయి. ఒక్కొక్కప్పుడు ప్రాణం మీదికి కూడా వస్తుంది. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అడవిపందిని వేటాడడం నేరం. దొంగచాటుగా వేటాడిన మాంసాన్ని ఏ పశువైద్యుడూ పరీక్షించడు. పొగబెట్టడం, ఉప్పువేసి ఎండబెట్టడం ఈ పురుగులన్నింటినీ చంపవు. అడవి జంతువులలోని కొన్ని రకాల ట్రైకినెల్లా గడ్డకట్టే చలికి కూడా చావదు. ముక్క మధ్యలో వేడి 71 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరేటట్లు, లోపల ఎర్రదనం ఏమాత్రం మిగలకుండా ఉడికించడమే నమ్మదగిన పద్ధతి. నిప్పులమీద పైపైన కాల్చిన మాంసంలో లోపలి భాగం పచ్చిగానే ఉంటుంది.

ఇంత చెప్పిన తరువాత పందులను పెంచేవారిని తప్పుపట్టడానికి కొందరు సిద్ధమవుతారు. అది అన్యాయం. 2019 పశుగణన ప్రకారం దేశంలో సుమారు 90 లక్షల పందులు ఉన్నాయి. వాటి మీద బ్రతికే కుటుంబాలలో చాలామంది పేదవారు. కొట్టంలో కట్టి, దాణా పెట్టి పెంచిన పందికి బద్దెపురుగు సోకే అవకాశం తక్కువ. కొట్టానికి, దాణాకు డబ్బు కావాలి. మరుగుదొడ్డి ఉండి, దానిని ఇంటిల్లిపాదీ వాడితే పంది వీధిలో తిరిగినా దానికి గుడ్లు దొరకవు. చక్రాన్ని తెంచడానికి అది అన్నింటికంటె చవకైన చోటు. 2014 అక్టోబరు 2న ప్రారంభమైన స్వచ్ఛ భారత్ పథకం కింద పల్లెలలో చాలా మరుగుదొడ్లు కట్టారు. కట్టిన దొడ్డిలో కట్టెలు పేర్చుకొని చెంబు పట్టుకొని చేనిగట్టుకు పోయేవారు మాత్రం ఇంకా ఉన్నారు.

పందికి టీకా కూడా వచ్చింది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో మార్షల్ లైటోలర్స్, ఆయన సహచరులు దీనిని రూపొందించారు. అమ్మకానికి పెద్ద ఎత్తున తయారుచేసినవారు మన హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థవారు. దాని పేరు సిస్‌వాక్స్. టీకా కొత్త కోశాలను రానీయదు, కాని అప్పటికే ఉన్నవాటిని చంపలేదు. అందుకని ఆక్స్‌ఫెండజోల్ అనే పురుగుల మందును కూడా కలిపి ఇస్తారు. నేపాల్‌లోని బాంకే జిల్లాలో ఈ రెండింటినీ కలిపి ప్రయత్నించారు. 2019లో ప్రకటించిన ఆ ఫలితాలు ఆశ కలిగించాయి. చిక్కు ఒకటే. ఈ పురుగు వల్ల పందికి జబ్బు ఏమీ కనిపించదు. ఒంటికి బాగానే ఉన్న పందికి డబ్బు పెట్టి టీకా వేయించమంటే పెంపకందారు ఎందుకని అడుగుతాడు. ఆ ప్రశ్నలో తప్పులేదు. లాభం ఊరందరిదీ అయినప్పుడు ఖర్చు ఒక్కడే ఎందుకు భరించాలి?

బడిలో మాత్రలు ఇచ్చే రోజు మీకు తెలుసు. ఫిబ్రవరి 10న జరిపే నులిపురుగుల నిర్మూలన దినం 2015లో మొదలయింది. ఆనాడు ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర ముఖ్యంగా ఏలికపాము, కొంకిపురుగు, కొరడాపురుగుల కోసం. ప్రేవులోని బద్దెపురుగుకు వైద్యులు నిక్లోసమైడ్ గాని, ప్రాజిక్వాంటెల్ గాని ఇస్తారు. మలంలో తెల్లని నాడా ముక్కలు కనిపిస్తే సిగ్గుపడకుండా చెప్పాలి. ఆ ఒక్క మాట ఇంట్లో అందరి తలలనూ కాపాడుతుంది. మెదడులో కోశం ఉన్నవారు మాత్రం సొంతంగా ఏ పురుగుల మందూ మింగకూడదు. కోశాలు ఒక్కసారిగా చస్తే వాపు పెరిగి ప్రమాదం కలుగుతుంది.

మూర్ఛ వచ్చినవారి చేతిలో తాళంచెవులు పెడితే ఆగుతుందనుకొంటారు. సాధారణంగా మూర్ఛ రెండు మూడు నిమిషాలలో దానంతట అదే ఆగుతుంది. అప్పుడు చేతిలో ఏది ఉంటే దానికి పేరు వస్తుంది. క్షయ మందుకు పేరు వచ్చినట్లే. మనం చేయవలసింది చుట్టూ ఉన్న రాళ్ళు, కుర్చీలు పక్కకు తీయడం, తలకింద మెత్తని గుడ్డ పెట్టడం, మెడ దగ్గర బొత్తాలు వదులుచేయడం, కొట్టుకోవడం తగ్గగానే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టడం. నోటిలో చెంచా, గుడ్డ, నీళ్ళు ఏవీ పెట్టరాదు. కాళ్ళూ చేతులూ గట్టిగా అదిమి పట్టరాదు. గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటినా, వెంటనే మళ్ళీ వచ్చినా 108కి ఫోను చేయాలి.

డాక్టరు ఇదంతా చెప్పిన తరువాత అవ్వ కొంతసేపు మాట్లాడలేదు.

"అయితే నాయనా, ఇది పిల్లకు అంటురోగమా? బడికి పంపవచ్చునా?"

"ఆమె పక్కన కూర్చొంటే ఎవరికీ రాదు పెద్దమ్మా. రేపే పంపండి. మూర్ఛ మందు మాత్రం ఒక్క పూట కూడా మానరాదు. నేను చెప్పేదాకా ఒంటరిగా బావిలోకి, చెరువులోకి దిగనీయవద్దు. మీ ఇంట్లో అందరూ ఒకసారి మలపరీక్ష చేయించుకోండి."

"అందరమా? నేను కూడానా?"

"వంట చేసేది మీరే కదా!"

అవ్వకు ఈసారి కోపం రాలేదు. ఆరునెలల తరువాత మళ్ళీ స్కాను తీస్తే మచ్చ మాయమయింది. అమ్మాయి నాయన ఇక మందు ఆపవచ్చునా అని అడిగాడు. ఇంకా కొంతకాలం వాడాలన్నాడు డాక్టరు. ఇంటి వెనుక కాలువ నీటితో పెంచిన కొత్తిమీరను అవ్వ ఇప్పుడు మూడుసార్లు కడుగుతున్నది. పచ్చడిలో వేయడం మాని, చారులో వేసి మరిగిస్తున్నది.

కొత్త మాటలు

పరాన్నజీవి : ఇంకొక ప్రాణి ఆహారం మీద బ్రతికేది. చూషకం : పీల్చి పట్టుకొనే అవయవం. ఖండితం : ఒకదానికొకటి అతికి ఉన్న ముక్కలలో ఒకటి. ముట్టె : పంది మూతి. కోశం : సంచిలాంటి పొర.

ఆలోచించి రాయండి

1. "పందికి ఆ గుడ్లు పెట్టినవాడు మనిషి" అని రచయిత ఎందుకన్నారు?
2. మాంసం తినని ఇంటిలోని అమ్మాయికి ఈ జబ్బు ఏయే దారులలో వచ్చి ఉండవచ్చు? మీ ఇంటి వంటగదిని దృష్టిలో పెట్టుకొని రాయండి.
3. వేలూరు వైద్యులకు కలిగిన సందేహం ఏమిటి? తాళంచెవుల నమ్మకానికీ, దానికీ పోలిక ఏమిటి?
4. పందుల టీకా ఖర్చు ఎవరు భరించాలని మీ అభిప్రాయం? మీ ఊరిలో పందులు పెంచేవారితో మాట్లాడి, వారు చెప్పినదానిని వారి మాటలలోనే రాయండి.
5. పంది, ఎలుక, పాము అనే మాటలు చేరిన తెలుగు పదాలను సేకరించండి. వాటిలో నిజంగా ఆ జంతువులకు చెందనివి ఏవో గుర్తించండి. తమిళంలో వాటిని ఏమంటారో ఇంట్లోగాని, ఇరుగుపొరుగులోగాని అడిగి పక్కన రాయండి.